లెక్కకందిన అనంతము – లెక్కకందని అనంతుడు

శ్రీవిష్ణుసహస్రనామమును నిత్యము పారాయణ చేయు గృహములలో అప్రమేయుడు, అసంఖ్యేయుడు, అనంతుడు అను మూడు నామములు ప్రతిదినము వినబడుచుండును. కొలతకు అందనివాడు, లెక్కకు అందనివాడు, అంతము లేనివాడు అని వాని సామాన్యార్థము. లెక్కకందని స్వామిని వేయి నామములుగా లెక్కించి స్తుతించుట ఆ స్తోత్రమునందలి చిత్రము. భక్తుడు లెక్క విడువడు. స్వామి లెక్కకు చిక్కడు.

నేడు ఉన్నత పాఠశాలలో చదువు బాలుడు కూడ అనంతమను మాటను గణిత పాఠములో నేర్చుచున్నాడు. కళాశాలకు పోయినవాడు అనంతములలో పెద్దవియు చిన్నవియు కలవని వినుచున్నాడు. అట్టివాడు ఇంటికి వచ్చి, "తాతగారూ, అనంతమును కూడ లెక్కించినారట గదా! మరి మన అనంతుని మాట యేమి?" అని అడిగినచో పెద్దలేమి చెప్పవలెను?

సాధారణముగ రెండు సమాధానములు వినబడుచుండును. "ఇది భక్తి లేని చదువు, నీవు దీనిని మనస్సున పెట్టుకొనకు" అనునది మొదటిది. "ఇదంతయు మన శాస్త్రములలో ఎన్నడో చెప్పబడినదే, వారు క్రొత్తగ కనుగొన్నదేమియు లేదు" అనునది రెండవది. మొదటి మాటలో ధైర్యము లేదు. రెండవ మాటలో సత్యము లేదు. ఈ రెంటిని విడిచి, అనంతమను భావము గణితశాస్త్రమున ఏయే మెట్లు ఎక్కి వచ్చినదో చూచి, దానిని లెక్కింపబూనుట భగవదపచారమగునా కాదా అని విచారింతము.

సంఖ్యల తొలి నడక

లెక్కయందు మనవారికి గల ప్రీతి వేదకాలము నాటిది. యజుర్వేద సంహితలలో ఏకము, దశము, శతము మొదలుకొని పదిరెట్లుగ పెరుగుచు పరార్ధము వరకు సంఖ్యానామములు పఠింపబడినవి. పరార్ధమనగా ఒకటి ప్రక్కన పండ్రెండు సున్నలుంచిన సంఖ్య. ఆ కాలమున ఏ ధాన్యరాశిని గాని గోసంపదను గాని లెక్కించుటకు అంత పెద్ద సంఖ్య అవసరము లేదు. అవసరమును మించి లెక్కింపవలెనను కోరిక మనుష్యునికి స్వభావసిద్ధమని దీనివలన తెలియుచున్నది.

జైనాచార్యులు ఇంకొక అడుగు వేసిరి. వారి అనుయోగద్వార సూత్రమున రాశులు సంఖ్యాతములు, అసంఖ్యాతములు, అనంతములు అని విభజింపబడి, వానిలో మరల అవాంతర భేదములు చెప్పబడినవి. లెక్కింపదగినది, లెక్కింపరానిది, అంతము లేనిది అను మూడును ఒకటి కావని గుర్తించుట గొప్ప సూక్ష్మదృష్టి. అయితే ఒక అనంతము ఇంకొక దానికంటె నిజముగా పెద్దదని యుక్తితో సాధించుట వేరు పని. అది చాలకాలమునకు గాని జరుగలేదు.

గ్రీసు దేశమున అరిస్టాటిలు అను తత్త్వవేత్త క్రీస్తుకు పూర్వము నాల్గవ శతాబ్దమున ఒక హద్దు గీచెను. ఒకటి, రెండు, మూడు అని ఎంత దూరమైనను లెక్కించుచు పోవచ్చును గాని, ఆ లెక్కయంతయు ముగిసి ఒక్క వస్తువుగ మన యెదుట నిలుచుట యుండదని అతని మతము. పెరుగుచు పోవు అనంతము కలదు, పూర్తియైన అనంతము లేదు అనుట దీని సారము. రెండువేల సంవత్సరములకు పైగా పాశ్చాత్య పండితులు చాలవరకు ఈ హద్దును దాటలేదు.

శూన్యము తెచ్చిన చిక్కు

మనదేశమున అనంతము గణితములోనికి మరియొక ద్వారమున ప్రవేశించెను. ఆ ద్వారము శూన్యము. క్రీ.శ. 628లో బ్రహ్మగుప్తుడు బ్రాహ్మస్ఫుటసిద్ధాంతమున శూన్యమును కూడ ఒక రాశిగ గ్రహించి, ధనర్ణములతో దానిని కూడుటకు, తీసివేయుటకు, గుణించుటకు నియమములను చెప్పెను. ఏమియు లేదనుటకు గుర్తుగ ఉన్నదానిని లెక్కలో పాల్గొను రాశిగ చేయుట మానవజాతికి ఆయన చేసిన మహోపకారము. కాని భాగహారము దగ్గర చిక్కు వచ్చినది. శూన్యమును శూన్యముచే భాగించిన శూన్యమే వచ్చునని ఆయన చెప్పెను. ఇతర రాశులను శూన్యముచే భాగించినపుడు శూన్యము హరముగ నుండుననుట తప్ప ఫలమేమో చెప్పలేదు.

రమారమి క్రీ.శ. 850 ప్రాంతమున, రాష్ట్రకూట చక్రవర్తియైన అమోఘవర్షుని కాలమున, మహావీరాచార్యుడు గణితసారసంగ్రహమును రచించెను. ఈ గ్రంథమును పావులూరి మల్లన తెనిగించియుండుట వలన తెలుగువారికి దీనితో దగ్గరి బంధుత్వము కలదు. మహావీరాచార్యుడు శూన్యముచే భాగింపబడిన రాశి మార్పు చెందక అట్లే యుండునని వ్రాసెను. పంచువారెవ్వరును లేనపుడు పంచవలసిన ధాన్యము అట్లే యుండును గదా అనుకొన్నచో ఈ మాట నిజమువలె తోచును. కాని అది భాగహారము కాదు, భాగింపకుండుట మాత్రమే.

పిదప క్రీ.శ. 1150లో, తన ముప్పదియారవ యేట, సిద్ధాంతశిరోమణిని రచించిన భాస్కరాచార్యుడు తన బీజగణితమున శూన్యము హరముగ గల రాశికి ఖహరమని పేరిడి, అది అనంతరాశియని చెప్పెను. పండ్రెండును మూడుచే భాగించిన నాలుగు వచ్చును. ఒకటిలో పదవ వంతుచే భాగించిన నూట ఇరువది వచ్చును. నూరవ వంతుచే భాగించిన వేయిన్ని రెండువందలు వచ్చును. భాజకము తగ్గినకొలది లబ్ధము పెరుగును గనుక, భాజకము శూన్యమైనపుడు లబ్ధమునకు మేర యుండదని క్రీ.శ. 1600 ప్రాంతమున కృష్ణదైవజ్ఞుడు తన వ్యాఖ్యలో ఈ తీరుననే ఉపపత్తిని చూపెను.

భాస్కరాచార్యుడు అంతటితో ఆగలేదు. ఖహరరాశికి ఎంత కలిపినను, దాని నుండి ఎంత తీసినను మార్పు లేదనియు, ప్రళయకాలమున అనేక భూతగణములు లోన ప్రవేశించినను, సృష్టికాలమున వెలువడినను అనంతుడైన అచ్యుతునియందు వికారము లేనట్లే ఇదియు ననియు పోల్చి చెప్పెను. గణితగ్రంథము నడుమ నిలిచియున్న ఈ పోలికను చదివినపుడు వైష్ణవుని హృదయము ఉప్పొంగకుండునా?

ఉప్పొంగవలసినదే. ఐనను సత్యమును మరువరాదు. మూడును శూన్యముచే భాగించిన అనంతము వచ్చుననుకొన్నచో, ఆ అనంతమును శూన్యముచే గుణించిన మూడు రావలెను. ఐదును శూన్యముచే భాగించినను ఆ అనంతమే వచ్చినచో, దానిని శూన్యముచే గుణించిన ఐదు రావలెను. అప్పుడు మూడును ఐదును ఒకటే యగును! అందువలన నేటి గణితజ్ఞులు సామాన్య సంఖ్యలలో శూన్యముచే భాగహారమునే అంగీకరింపరు. భాస్కరుని పోలికలో కూడికను గూర్చిన భాగము నేటికిని నిలుచును. భాగహారమును గూర్చిన నియమము నిలువదు. ఈ మాట చెప్పుట వలన ఆచార్యుని గౌరవమునకు కొరత లేదు. ఆయనయే బ్రహ్మగుప్తుని సిద్ధాంతమును అనుసరించుచునే, అవసరమైన చోట దానిని దాటి పోయినవాడు. పూర్వుల భుజములపై నిలిచి ముందునకు చూచుట వారిని త్రొక్కుట కాదు.

ఆసన్నము అను ఒక్క మాట

గణితగ్రంథములలో నాకు మిక్కిలి ఇష్టమైన పదమొకటి కలదు. క్రీ.శ. 499లో ఇరువదిమూడేండ్ల యువకుడైన ఆర్యభటుడు, ఇరువదివేల వ్యాసము గల వృత్తమునకు పరిధి 62832 అని చెప్పుచు, అది ఆసన్నము, అనగా దగ్గరిది మాత్రమే, అని విశేషణము చేర్చెను. నాలుగు దశాంశ స్థానముల వరకు సరియైన విలువను చెప్పియు, ఇదియే నిశ్చయమని ఆయన చెప్పలేదు. తాను చెప్పినది ఎంతవరకు నిజమో అంతవరకే చెప్పుట సత్యవ్రతులకు లక్షణము.

దాదాపు వేయి సంవత్సరముల తరువాత కేరళదేశమున నీలకంఠ సోమయాజి ఆర్యభటీయభాష్యమున ఈ పదమును పట్టుకొని, ఉన్న విలువను చెప్పక ఆసన్నమును ఎందులకు చెప్పెనని ప్రశ్నించుకొనెను. వ్యాసమును శేషము లేకుండ కొలిచిన మానముచే పరిధిని కొలిచినచో శేషముండును. పరిధిని శేషము లేకుండ కొలిచిన మానముచే వ్యాసమును కొలిచినచో శేషముండును. మానమును ఎంత సూక్ష్మము చేసినను శేషము అల్పమగును గాని లేకుండ పోదు అని ఆయన సమాధానము. ఆయన చెప్పినది సత్యమే గాని దానికి పూర్ణమైన నిరూపణము 1761లో లాంబర్టు అను ఐరోపా గణితజ్ఞునిచే సాధింపబడెను. చెప్పిన గౌరవము నీలకంఠునిది, నిరూపించిన గౌరవము లాంబర్టుది. ఎవరిది వారికిచ్చుట ధర్మము.

ఆ కేరళ పరంపరకు మూలపురుషుడు పదునాల్గవ శతాబ్దమువాడైన సంగమగ్రామ మాధవుడు. వృత్తపరిధిని అంతము లేని శ్రేఢిగ వ్రాయు మార్గము ఆయనది. వ్యాసమును నాలుగుచే గుణించి, అందుండి దాని మూడవ వంతును తీసి, ఐదవ వంతును కలిపి, ఏడవ వంతును తీసి, ఈ విధముగ బేసిసంఖ్యల వెంట ఎంత దూరమైనను పోవలెను. వ్యాసము ఒకటియైనచో మొదట నాలుగు వచ్చును, అది ఎక్కువ. తరువాత రెండున్నర పైచిలుకు, అది తక్కువ. ఒకమారు మించుచు, ఒకమారు తగ్గుచు, ప్రతి అడుగున నిజమునకు చేరువగును. ఏ అడుగునను నిజము చేతికి చిక్కదు. వేయి పదములు కూడినను మూడవ దశాంశ స్థానమున తేడా మిగులును. అందువలన మాధవుడు మిగిలిన దానిని సరిచేయు సంస్కారములను కూడ కల్పించెను. తొమ్మిది నిఖర్వముల వ్యాసమునకు ఆయన చెప్పిన పరిధి దశాంశమునకు పిమ్మట పది స్థానముల వరకు సరిపోవుచున్నది. జ్యేష్ఠదేవుడు పదునారవ శతాబ్దమున మలయాళ భాషలో రచించిన యుక్తిభాషయందు వీని ఉపపత్తులు వివరముగ కలవు.

అంతము లేని కూడిక అంతము గల ఫలము నిచ్చుట ఎట్లని కొందరు సందేహింతురు. ఒక బెల్లపు అచ్చును ముగ్గురు పిల్లలకు పంచవలెను. దానిని నాలుగు ముక్కలు చేసి ముగ్గురికి మూడు ఇచ్చితిమి. మిగిలిన ముక్కను మరల నాలుగు చేసి మూడు ఇచ్చితిమి. ఇట్లు పంచుచు పోయినచో పంపకమునకు అంతము లేదు. ఐనను ప్రతివానికి చేరునది మొత్తములో మూడవ వంతే. నాల్గవ వంతు, పదునారవ వంతు, అరువదినాల్గవ వంతు అని అంతులేకుండ కూడిన మూడవ వంతగునను ఈ విషయమును నీలకంఠుడు తన భాష్యమున విచారించియున్నాడు.

ఈ పరంపరలో ఇంకొక గుణము స్మరింపదగినది. పరమేశ్వరుడను ఆచార్యుడు దీర్ఘకాలము గ్రహణములను స్వయముగ పరిశీలించి, పూర్వపు లెక్కలు ఆకాశముతో సరిపోవని చూచి, 1431లో దృగ్గణితమను క్రొత్త పద్ధతిని నెలకొల్పెను. ఆయన కుమారుడైన దామోదరుని శిష్యుడే నీలకంఠుడు. లెక్క ఆకాశముతో సరిపోనపుడు లెక్కను దిద్దుటయే గురుసేవయని ఆ ఇంటివారు భావించిరి.

అనంతములలో పెద్దచిన్నలు

ఇక ఐరోపాకు వత్తము. 1638లో ప్రకటింపబడిన గ్రంథమున గెలీలియో ఒక వింతను చూపెను. పెండ్లి విందులో అతిథులను, విస్తళ్లను లెక్కింపకయే, ప్రతి విస్తరి ముందు ఒక్కొక్క అతిథి కూర్చుండి, విస్తరి గాని అతిథి గాని మిగులకున్నచో రెండును సమానమని చెప్పవచ్చును గదా! అట్లే ఒకటికి ఒకటి, రెండుకు నాలుగు, మూడుకు తొమ్మిది అని ప్రతి సంఖ్య ముందు దాని వర్గమును కూర్చుండబెట్టిన ఒక్కటియు మిగులదు. వర్గములు సంఖ్యలలో కొన్ని మాత్రమే. ఐనను అన్నిటితో సమానము! ఇది చూచి, అనంతముల విషయమున ఎక్కువ తక్కువలు చెప్పరాదని గెలీలియో విరమించెను.

ఆయన ఆగినచోట నడక సాగించినవాడు జర్మనీలోని హాలే నగరమున ఆచార్యుడైన గెయార్గ్ కాంటరు (1845-1918). జత కూర్చుటనే ఆయన కొలబద్దగ గ్రహించెను. జత కుదిరిన అనంతములు సమానము. జత ఎన్నటికిని కుదరని అనంతములు కూడ కలవని ఆయన 1874లో నిరూపించెను; 1891లో మరింత సులభమైన యుక్తిని ప్రకటించెను. ఆ యుక్తిని మన పూలమాలలతో చెప్పవచ్చును.

అంతులేని పొడవు గల మాలలను ఊహింపుడు. ప్రతి స్థానమున తులసియో తామరయో ఉండును. ఇట్టి మాలలన్నిటిని ఒకటవది, రెండవది, మూడవది అని వరుసగ వ్రాసితినని ఒకడు చెప్పినాడనుకొందము. మనము ఒక క్రొత్త మాలను కట్టుదము. వాని ఒకటవ మాలలో ఒకటవ స్థానమున తులసి యున్నచో మన మాలలో అచట తామర, తామర యున్నచో తులసి. వాని రెండవ మాలలో రెండవ స్థానమున ఏది యున్నదో మన మాలలో దానికి మారుది. ఇట్లు కట్టిన మాల వాని పట్టికలో ఏ మాలతోను సరిపోలదు, ప్రతిదానితో ఒక్క స్థానముననైన భేదించును గనుక. కావున ఏ పట్టిక వ్రాసినను మాల మిగులును. మాలల అనంతము ఒకటి, రెండు, మూడు అను సంఖ్యల అనంతముకంటె పెద్దది. అంతేగాక ఏ అనంతమును తీసికొన్నను దానికి పైన మరియొకటి కలదనియు, అన్నిటికంటె పెద్దది లేదనియు తేలినది.

కాంటరునకు ఎదురు నిలిచినవారు కలరు. బెర్లినులోని క్రోనెకరు అను ప్రసిద్ధ గణితజ్ఞుడు ఈ మార్గమునే అంగీకరింపలేదు. మతాచార్యులలో మరియొక శంక పుట్టెను. అనంతత్వము దేవునకు మాత్రమే చెందినది గదా, దానిని సంఖ్యలకు ఇచ్చుట అపచారము కాదా అని. కాంటరు దైవభక్తుడు. 1886లో కార్డినల్ ఫ్రాంజెలిన్ అను మతాచార్యునితో ఉత్తరములు జరిపి, తాను చెప్పు అనంతములు పైపైకి పెరుగదగినవియే యనియు, ఇక పెరుగుటకు వీలులేని పరమమైన అనంతము దేవునిదే యనియు, అది మనుష్యుని లెక్కకు అందదనియు వివరించెను. మన పిల్లవాడు అడిగిన ప్రశ్నయే ఆ దేశమునను అడుగబడినదని గమనింపుడు.

సంఖ్యల అనంతమునకును మాలల అనంతమునకును నడుమ మరియొక అనంతము కలదా అను ప్రశ్నకు కాంటరు సమాధానము సాధింపలేకపోయెను. 1900లో పారిసు సభలో హిల్బర్టు గణితజ్ఞుల ముందుంచిన సమస్యలలో ఇదియే మొదటిది. గోడెలు 1940లోను, కోహెను 1963లోను చేసిన నిరూపణములను కలిపి చూడగ, నేడు సామాన్యముగ అంగీకరింపబడిన మూలసూత్రముల నుండి ఆ మాట సాధింపబడదు, ఖండింపబడదు అని తేలెను. తెలియదనుట వేరు, ఈ సాధనములతో తెలియజాలదని నిరూపించుట వేరు. బుద్ధి తన హద్దును తానే కొలిచి చూపుట దాని ఔన్నత్యమునకు గుర్తు.

సిద్ధాంతము

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. తైత్తిరీయోపనిషత్తు బ్రహ్మమును సత్యమనియు, జ్ఞానమనియు, అనంతమనియు చెప్పినది. భగవద్రామానుజులు శ్రీభాష్యమున అనంతపదమునకు దేశము చేతను, కాలము చేతను, వస్తువు చేతను పరిచ్ఛేదము లేనిదని అర్థము చెప్పిరి. ఇచట ఉన్నది, అచట లేదు అనునది దేశపరిచ్ఛేదము. అప్పుడు ఉన్నది, ఇప్పుడు లేదు అనునది కాలపరిచ్ఛేదము. ఇది ఇదియే, అది కాదు అనునది వస్తుపరిచ్ఛేదము. సమస్త చేతనాచేతనములు భగవంతునకు శరీరమగుటచే ఆయనను ఏ వస్తువునుండియు వేరుచేసి హద్దు గీయ వీలులేదు.

ఈ గీటురాతిపై గణితానంతమును గీచి చూడుడు. బేసిసంఖ్యలకు అంతము లేదు; ఐనను అవి బేసిసంఖ్యలే, సరిసంఖ్యలు కావు. మాలల అనంతము మాలలదే. ప్రతి అనంతమునకు పైన దానిని మించినది కలదు. కావున గణితశాస్త్రము చెప్పు అనంతము అంతులేనిదైనను హద్దు గలది. వస్తుపరిచ్ఛేదము దానికి తప్పదు. భగవంతుని అనంతత్వము ఆ వరుసలో కడపటి మెట్టు కాదు. ఆ వరుసలో చేరినదే కాదు. ఇక అపచార మెక్కడిది? గణితజ్ఞుడు లెక్కించినది సృష్టిలోని వైభవమునే గాని స్రష్టను కాదు.

లెక్కను ఉపనిషత్తు నిషేధింపలేదు. ఆనందవల్లిలో మనుష్యానందము మొదలు చతుర్ముఖుని ఆనందము వరకు నూరేసి రెట్లుగ లెక్కించి, ఆ పిమ్మటనే వాక్కు మనస్సుతోగూడ మరలివచ్చుచున్నదని చెప్పినది. యామునాచార్యులు స్తోత్రరత్నమున ఈ ఘట్టమును భావించి, స్వామి గుణములలో ఒక్కదాని మేరను కనుగొనగోరి వేదవాక్కులు చతుర్ముఖునకు పైపైన ఇంకను పురుషులను కల్పించుకొనుచు నూరేసి రెట్లుగ పోవుచు, ఎల్లప్పుడును ప్రారంభముననే యున్నవని విన్నవించిరి. యామునులకు కాంటరు గణితము తెలియునని నేననను; అది అసత్యమగును. కాని మెట్టుపై మెట్టు ఎక్కుటకు అంతము లేదనియు, ఎక్కువాడు ఎప్పుడును మొదటనే యుండుననియు వారెరుగుదురు. ఆ ఎరుక భక్తి వలన కలిగినది. గణితజ్ఞునకు యుక్తి వలన కలిగినది. రెండును వినయమునకే దారితీయుచున్నవి.

లెక్కించి లెక్కించి మరలివచ్చిన వాక్కునకు మౌనము భూషణము. లెక్కింపకయే అనంతమని చెప్పి నిద్రించువాని మౌనము సోమరితనము. కావున గృహస్థులారా, మీ పిల్లలు ఇట్టి ప్రశ్నలు అడిగినపుడు కసరి పంపవలదు. అన్నియు మనవారే కనుగొనిరని గొప్పలు చెప్పి వారిని మభ్యపెట్టవలదు. ఇతరుల శ్రమను మన పూర్వుల ఖాతాలో వ్రాయుట పూర్వులకు పూజ కాదు, అది పరద్రవ్యాపహరణమే. మనవారి నిజమైన ధనమును, అనగా బ్రహ్మగుప్తుని శూన్యమును, మాధవుని శ్రేఢిని, నీలకంఠుని ప్రశ్నను, వారికి నేర్పుడు. కాంటరు మాలను కూడ వారితో కట్టింపుడు. అన్నిటికంటె ముఖ్యముగ ఆర్యభటుని ఆసన్నమను మాటను నేర్పుడు. తెలిసినంతవరకే చెప్పి, తెలియని దానిముందు తలవంచుట అలవడిన బిడ్డ గణితమునందును, వ్యవహారమునందును, భగవత్సన్నిధియందును కల్లలాడడు.

సత్యస్వరూపుడైన శ్రీనివాసుడు మన వాక్కులకు అట్టి శుద్ధిని అనుగ్రహించుగాక.